వీపు నేలకానినా ఓటమి కాదు: బ్రెజిలియన్ జుజిట్సుపై అవగాహన

కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితే ఆట అయిపోయినట్టే. బ్రెజిలియన్ జుజిట్సులో చాలాసార్లు అసలు ఆట అక్కడే మొదలవుతుంది. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గ్రంథాలయాల్లో కూర్చుని చదివేవాళ్లు ఈ ఒక్క తేడాను పట్టుకుంటే పాయింట్లు, బెల్టులు, చరిత్ర దాని వెంటే వస్తాయి. ఇరవై ఎనిమిదేళ్లకో, నలభై ఏళ్లకో ఈ విద్య మొదలుపెట్టడం ఎలా సాధ్యమో కూడా అప్పుడే అర్థమవుతుంది. సంవత్సరాల పట్టికను విడిగా బట్టీపడితే పరీక్ష మరుసటి రోజుకే మరిచిపోతాం.

తికమకపెట్టే పేర్లు

జుజుట్సు అంటే జపాన్ సమురాయ్‌ల కాలం నుంచి వచ్చిన నిరాయుధ పోరాట పద్ధతులన్నిటికీ కలిపి ఉన్న పేరు. అది ఒక్క విద్య కాదు, ఎన్నో గురుకులాల సంప్రదాయం. అందులో రెండు సంప్రదాయాలు నేర్చిన జిగోరో కానో 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో కొద్దిమంది శిష్యులతో కొడోకాన్ స్థాపించి, తన పద్ధతికి జూడో అని పేరు పెట్టాడు. జూడోలోని నేలపట్లు బ్రెజిల్ చేరి, అక్కడ పెరిగి బ్రెజిలియన్ జుజిట్సు అయ్యాయి. ఆసియా క్రీడల్లో కనిపించే ‘జుజిట్సు’ అంతర్జాతీయ సమాఖ్య జేజేఐఎఫ్ కింద నడిచే క్రీడ. అందులో ‘నె-వాజా’ అనే విభాగం బ్రెజిలియన్ పద్ధతికి చాలా దగ్గర.

జూడో 1964 టోక్యోలో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మహిళల జూడోకు పతకాలు ఇవ్వడం 1992 బార్సిలోనాలో మొదలైంది. జుజిట్సు ఇప్పటికీ ఒలింపిక్ క్రీడ కాదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు గురిపెట్టేది సరిగ్గా ఇక్కడే.

కొడోకాన్ నుంచి బెలెం దాకా

కానో తెచ్చిన అసలు మార్పు సాధన పద్ధతిలో ఉంది. ప్రాణాంతకమైన దెబ్బలను పక్కనపెట్టి, మిగిలిన పట్లను ఎదిరించే మనిషి మీద పూర్తి బలంతో ప్రయోగించి చూసే సాధనకు పెద్దపీట వేశాడు. దాన్ని రాండోరి అంటారు. ప్రమాదకరమైన విద్యను ఉత్తుత్తిగా సాధన చేయడం కన్నా, కొంత ప్రమాదం తీసేసిన విద్యను నిజంగా సాధన చేస్తే మనిషి బాగా తయారవుతాడని ఆయన లెక్క. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో చేరిన తొలి ఆసియావాసి కూడా ఆయనే.

కొడోకాన్ శిష్యుడు మిత్సుయో మయెదా 1904లో జపాన్ విడిచి, దేశదేశాల్లో పోటీలు ఆడుతూ 1914లో బ్రెజిల్ చేరాడు. చివరికి అమెజాన్ ముఖద్వారంలోని బెలెం నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో కార్లోస్ గ్రేసీ ఒకడు. కార్లోస్, అతని తమ్ముళ్లు 1925లో రియోలో అకాడమీ పెట్టారు. బక్కపలచని చిన్న తమ్ముడు ఎలియో గ్రేసీ (1913–2009) బలం కన్నా మీట సూత్రానికి, సమయానికి ప్రాధాన్యమిచ్చాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. కుటుంబాలు చెప్పుకునే చరిత్రలో అతిశయం ఎప్పుడూ కొంత ఉంటుంది. మయెదా శిష్యపరంపర గ్రేసీలతోనే ఆగలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

1951 అక్టోబరులో రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో యోధుడు మసహికో కిమురా ఎలియోతో తలపడ్డాడు. చేతిని వెనక్కి మెలిపెట్టే పట్టులో ఎలియో చెయ్యి విరిగినా అతను లొంగలేదు. కార్లోసే తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. ఆ పట్టును నేటికీ ప్రపంచమంతా ‘కిమురా’ అనే పిలుస్తుంది. తమను ఓడించినవాడి పేరును పట్టుకు పెట్టుకున్న సంప్రదాయమది.

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన తొలి యూఎఫ్‌సీ పోరాట పోటీలో ఎలియో కొడుకు రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైన ప్రత్యర్థులను నేలకు దించి లొంగదీసుకున్నాడు. ఈ విద్య ప్రపంచానికి తెలిసింది ఆ రాత్రితోనే. తర్వాత కార్లోస్ గ్రేసీ జూనియర్ చొరవతో ఈ క్రీడ పోటీలు నడిపే సమాఖ్య ఐబీజేజేఎఫ్ ఏర్పడింది. తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ 1996లో రియోలో జరిగింది.

భారతదేశానికి తెచ్చిందెవరు?

జపాన్ మల్లవిద్యను మన దేశానికి పిలిచి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది రవీంద్రనాథ్ ఠాగూర్‌ను. 1905లో జిన్నోసుకె సానో శాంతినికేతన్‌లో జుజుట్సు నేర్పాడు. 1929లో ఠాగూర్ ఆహ్వానం మీద షింజో తకగాకి వచ్చి జూడో నేర్పాడు. సాహిత్యం, కళల పాఠంలో చదువుకునే శాంతినికేతన్ క్రీడల ప్రశ్నలో ఎదురైతే చాలామంది తడబడతారు.

కుస్తీ తెలిసిన నేల మీద

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల మనుషులకు పట్టు, ఉడుం, వస్తాదు, తాలీం, పహిల్వాన్ అన్న మాటలు కొత్తవి కావు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా జాతరల్లో కొబ్బరికాయ పందెంతో చిన్నపిల్లల కుస్తీ మొదలై, వెండి కడెం కోసం పెద్దవాళ్ల పట్లతో ముగుస్తుంది. బోధన్ దగ్గరి హున్సాలో హోలీ రోజు కుస్తీ పోటీలు, ఆ వెంట ఊరంతా రెండు వర్గాలుగా చీలి ఆడే పిడిగుద్దులాట ఏటా వార్తల్లో వస్తూనే ఉంటాయి.

చరిత్ర పాఠంతో కలిపి చదివితే ఇంకా బాగా నిలుస్తుంది. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో ‘మల్లవినోదం’ అనే భాగం ఉంది. మల్లుల్లో తరగతులు, వాళ్ల ఆహారం, వ్యాయామం అందులో చెప్పారు. అప్పట్లో జగిత్యాల దగ్గరి పొలాస, నాటి పొలవాస, ఆ చాళుక్యుల సామంతుల చేతిలోనే ఉంది. పొలవాస మేడరాజును కాకతీయ రుద్రదేవుడు ఓడించిన సంగతి 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది. శ్రీకృష్ణదేవరాయలు రోజూ తెల్లవారకముందే నూనె తాగి, ఒంటికి రాసుకుని, సాము చేసి, మల్లులతో పట్టుపట్టేవాడని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాశాడు. ఆధునిక కాలానికి వస్తే వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఉన్నాడు. 

మరి కుస్తీ ఎరిగినవాడికి జుజిట్సు సులువా? సగమే. ప్రత్యర్థిని కింద పడేయడంలో, నడుం బలంలో, పట్టు విడవకపోవడంలో అతనిది పైచేయి. చిక్కంతా పడ్డాకే. వెల్లకిలా పడకూడదని ఏళ్లతరబడి ఒంటికి నేర్పినవాడు తప్పించుకునే తొందరలో బోర్లా తిరుగుతాడు. కుస్తీలో అది సరైన పని. ఇక్కడ మాత్రం వెనకనుంచి మెడ దొరికిపోతుంది. వెల్లకిలా పడి, రెండు కాళ్లనూ ప్రత్యర్థికి తనకూ మధ్య అడ్డుపెట్టి ఆడే స్థితిని గార్డ్ అంటారు. జుజిట్సును మిగతా పట్టువిద్యల నుంచి విడదీసేది ఇదే.

పాయింట్ల లెక్క

ఐబీజేజేఎఫ్ నియమాల్లో ప్రత్యర్థిని కింద పడేస్తే 2 పాయింట్లు. కింద గార్డ్‌లో ఉన్నవాడు ప్రత్యర్థిని తిప్పేసి పైకి వస్తే 2. మోకాలిని పొట్ట మీద మోపి నిలిపితే 2. కాళ్ల అడ్డు దాటి పక్కకు చేరితే 3. ఛాతీ మీద ఎక్కి కూర్చుంటే, లేదా వెనక చేరి రెండు కాళ్లూ లోపలికి వేసి బిగిస్తే 4. పాయింటు రావాలంటే ఆ స్థితిని మూడు సెకన్లు నిలపాలి. లొంగుబాటు వస్తే పాయింట్లతో పనిలేదు, అక్కడితో ఆట అయిపోతుంది.

ఈ అంకెల వెనక తర్కం ఉంది. వీధి కొట్లాటలో ఎవరి స్థితి ఎంత ప్రమాదకరమో దాన్నిబట్టే పాయింటు. వెనక నుంచి పట్టుకున్నవాడిని దెబ్బ కొట్టలేం, చూడను కూడా లేం, అందుకే 4. జూడోలో వీపు మీద బలంగా పడేస్తే ఇప్పోన్, పోటీ ముగింపు. నేల మీద 20 సెకన్లు అదిమిపెట్టినా ఇప్పోనే. జుజిట్సులో ఎంతసేపు అదిమిపెట్టినా దానితోనే పోటీ ముగియదు.

పెద్దవాళ్ల పోటీలో వైట్ బెల్ట్‌కు 5 నిమిషాలు, బ్లూకు 6, పర్పుల్‌కు 7, బ్రౌన్‌కు 8, బ్లాక్‌కు 10 నిమిషాలు.

బెల్టులు

పెద్దవాళ్లకు వరుస తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు. నీలం బెల్టుకు కనీసం 16 ఏళ్లు, నలుపుకు 19 ఏళ్లు ఉండాలి. ఐబీజేజేఎఫ్ లెక్కన నీలంలో కనీసం రెండేళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది గడపాలి. నిజంగా నలుపు చేరడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. మూడు నెలల్లో బెల్టు, ఆరు నెలల్లో సర్టిఫికెట్ అని ఎవరైనా అంటే నమ్మకండి. జూడోలో రంగురంగుల బెల్టులు 1930ల్లో ఫ్రాన్స్‌లో మికినొసుకె కవాయిషి చేతుల మీదుగా ప్రచారంలోకి వచ్చాయి. పాత జపాన్‌లో ఇన్ని రంగులు లేవు.

వయసు వచ్చాక మ్యాట్ ఎక్కితే

పోటీల్లో 30 ఏళ్లు వచ్చినవాళ్లకు మాస్టర్ విభాగాలు విడిగా ఉంటాయి. వంటగాడిగా, రచయితగా పేరున్న ఆంథనీ బోర్డెయిన్ అరవైకి దగ్గరపడ్డాక ఈ విద్య మొదలుపెట్టి, 2016లో న్యూయార్క్‌లో జరిగిన ఐబీజేజేఎఫ్ ఓపెన్‌లో తన వయసు విభాగంలో నీలం బెల్టుతో స్వర్ణం గెలిచాడు. ఆ వయసులో బాక్సింగ్ రింగులో ఇలాంటి కథ పుట్టడం కష్టం. తల మీద దెబ్బలు లేవు గనుక ఇక్కడ కుదిరింది.

మామూలు తరగతి మూడు భాగాలు. ముందు ఒళ్లు వేడెక్కే కదలికలు: పడటం, నడుమును పక్కకు జరపడం, పిరుదులెత్తి వంతెనలా లేవడం. తర్వాత ఒకటి రెండు పట్లు జంటగా నేర్చుకోవడం. చివర నిజమైన పెనుగులాట, దాన్ని రోలింగ్ అంటారు. కొత్తవాళ్లకు అసలు పరీక్ష ఈ మూడో భాగమే. మొదటి నెలల్లో ప్రతివాడి చేతిలోనూ లొంగిపోతారు. ఇంట్లో, ఆఫీసులో నలుగురికి చెప్పే స్థానానికి వచ్చిన మనిషికి, తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడి కింద ఊపిరాడక చేత్తో తట్టి ‘చాలు’ అనడం ఒంటి నొప్పి కన్నా పెద్ద కష్టం. మానేసేవాళ్లలో చాలామంది ఇక్కడే మానేస్తారని నా అభిప్రాయం.

ఆ తట్టడాన్నే ట్యాప్ అంటారు. ప్రత్యర్థి ఒంటి మీద గానీ మ్యాట్ మీద గానీ రెండుమూడుసార్లు తడితే వెంటనే వదిలేయాలి. చేతులు ఖాళీ లేకపోతే నోటితో చెప్పినా సరే. మెడ పట్టులో రెండు వైపులా కెరోటిడ్ ధమనులు నొక్కుకుని మెదడుకు రక్తం తగ్గుతుంది, పది సెకన్లకు అటూఇటూగా స్పృహ తప్పవచ్చు. మోచేతి పట్టులో కీలు వెనక్కి వంగుతుంది. రెండిటిలోనూ నొప్పి బాగా పెరిగేదాకా ఆగడం తెలివి కాదు. మడమను మెలిపెట్టే పట్టులోనైతే నొప్పి తెలిసేసరికి మోకాలి లిగమెంట్ తెగి ఉండవచ్చు. అందుకే ఐబీజేజేఎఫ్ దాన్ని గి అనే జాకెట్టు వేసుకుని ఆడే పోటీల్లో పూర్తిగా నిషేధించింది. జాకెట్టు లేని పోటీల్లో పెద్దల గోధుమ, నలుపు బెల్టులకే 2021 నుంచి అనుమతిచ్చింది. వైట్ బెల్టులకు మణికట్టు పట్లు కూడా లేవు.

కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో బలమంతా ఒకేసారి వాడేయడం మొదటిది, ఊపిరి బిగబట్టడం రెండోది. రెండు నిమిషాలకే చేతులు బండబారిపోతాయి. వారానికి రెండు మూడు తరగతులు చాలు. సాంచాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు నిలబడి వచ్చిన మనిషి నడుము, గంటలకొద్దీ కుర్చీలో చదివిన మనిషి నడుము ఒక్కలా ఉండవు, ఆ రోజు ఎంత ఓర్చుకోగలదో చూసుకుని దిగాలి. బీపీ, మెడ డిస్కు సమస్య ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టాలి. చెవి నలిగి రక్తం గడ్డకట్టడం, వేళ్ల కీళ్లు వాయడం మామూలు. అన్నిటికన్నా ఎక్కువగా వేధించేది తామర. మన ఉక్కపోతలో అది మ్యాట్ మీద ఒకరినుంచి ఒకరికి అంటుతుంది. గోళ్లు తీసుకోవాలి, బట్టలు ప్రతిసారీ ఉతకాలి, మచ్చ కనిపిస్తే తగ్గేదాకా పోకూడదు.

కానిస్టేబుల్, ఎస్సై దేహదారుఢ్య పరీక్ష దగ్గర్లో ఉన్నవాళ్లు అప్పుడే ఇది మొదలుపెట్టకపోవడం మేలు. 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉన్నాయి. మోకాలో, వేలో నలిగితే ఈ మూడిటిలో ఏదో ఒకటి పోతుంది. ఉద్యోగం వచ్చాక శిక్షణలో నిరాయుధ పోరాటం ఎలాగూ నేర్పిస్తారు. కానో పద్ధతి అక్కడ పనికొస్తుంది.

హైదరాబాద్‌లో బ్రెజిలియన్ జుజిట్సు నేర్పే జిమ్‌లు ఉన్నాయి గానీ, కోరుట్ల నుంచి వారంవారం పోయిరావడం ఎక్కువమందికి కుదరదు. ఒంటరిగా ఫోన్‌లో వీడియోలు చూసి ఈ విద్య రాదు, ఎదిరించే మనిషి కావాలి. అందుకే దగ్గర్లో జూడో కోచ్ గానీ, నిజంగా పట్టుపట్టించే తాలీం గానీ దొరికితే అక్కడే మొదలుపెట్టమని చెబుతాను. పేరు జుజిట్సు అని ఉండి గాలిలో చేతులాడించే క్లాసు కన్నా, మట్టిలో రోజూ నలుగురితో పెనుగులాడే కుస్తీ గోదా మేలు.

బట్ట సంగతి

నేతన్నల ఊరు సిరిసిల్లకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి. ఈ ఆటలో వేసుకునే గి అనే జాకెట్టు బట్ట సాదా నేత కాదు. గింజలు తేలినట్టు ఎత్తుపల్లాలుండే నూలు నేత, సాధారణంగా చదరపు మీటరుకు 350 నుంచి 550 గ్రాములు. మనిషి బరువంతా మెడపట్టీ మీద, చేతుల మీద వేలాడినా చిరగకూడదు. ఐబీజేజేఎఫ్ పోటీల్లో తెలుపు, నీలం, నలుపు రంగులకే అనుమతి. వీటిలో పెద్దభాగం పాకిస్థాన్‌లోని సియాల్‌కోట్‌లో కుడతారు. బతుకమ్మ చీరల ఆర్డరు మీద ఏళ్లపాటు బతికిన సిరిసిల్ల మరమగ్గాల మీద ఎక్కువగా నేసేది పాలిస్టర్. ఇలాంటి బరువైన నూలు నేతకు వేరే ఏర్పాటు కావాలి. అయినా ఆలోచించదగ్గ మార్కెట్టే.

అబుదాబి దారి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయిన ఇంటి మనిషి లేని వాడకట్టు అరుదు. వాళ్లలో చాలామంది పనిచేసే యూఏఈలో జుజిట్సు దాదాపు జాతీయ క్రీడ. అమెరికాలో చదువుకునేటప్పుడు ఈ విద్య నేర్చిన అబుదాబి రాజకుటుంబీకుడు షేక్ తహ్నూన్ బిన్ జాయెద్ 1998లో ఏడీసీసీ పోటీలు మొదలుపెట్టాడు. జాకెట్టు లేకుండా ఆడే పట్టువిద్యలో అంతకన్నా పెద్ద పోటీ లేదు. 2008లో అబుదాబి బడుల్లో జుజిట్సు పాఠంగా ప్రవేశించింది. 2009 నుంచి అబుదాబి వరల్డ్ ప్రో పోటీలు జరుగుతున్నాయి. జుజిట్సు ఆసియా క్రీడల్లోకి 2018 జకార్తాలో వచ్చింది. దాని వెనక గల్ఫ్ దేశాల పట్టు బలంగా ఉంది. 2022 హాంగ్‌ఝౌ క్రీడల్లోనూ (జరిగింది 2023లో) ఇది కొనసాగింది.

క్రీడా కోటా ఆశ పెట్టుకునేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. 2020లో కేంద్రం తన ఉద్యోగాల క్రీడా కోటా జాబితాను 43 నుంచి 63 క్రీడలకు పెంచింది. కూడో, ఉషూ, పెంచక్ సిలాట్, మల్లఖంబ్ చేరాయి. ఆ కొత్త 20లో జుజిట్సు లేదు. ఏ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లుతుందో నోటిఫికేషన్‌లో చదివాకే డబ్బు ఖర్చుపెట్టాలి. బడిలో చదివే ఆడపిల్లలకైతే సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ ఉంది. ఇది 6 నుంచి 12 తరగతుల వారికి.

చట్టం

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 25, పాత ఐపీసీ 87, ఈ ఆటకు నేరుగా వర్తిస్తుంది. 18 ఏళ్లు దాటిన మనిషి ఒప్పుకుని పాల్గొన్నప్పుడు, చంపే లేదా తీవ్రంగా గాయపరిచే ఉద్దేశం గానీ, అలా జరగవచ్చన్న ఎరుక గానీ లేకుండా కలిగిన హాని నేరం కాదు. వినోదం కోసం ఇద్దరు కత్తిసాము చేయడమే చట్టం ఇచ్చిన ఉదాహరణ. ఎముక విరగడం, కీలు తప్పడం సెక్షన్ 116 కింద తీవ్ర గాయాలే. ట్యాప్ చేశాక కూడా చెయ్యి విరిచినవాడు సెక్షన్ 25 చాటున దాక్కోవడం కష్టమని నా అభిప్రాయం, ఒప్పుకోలు అక్కడితో ముగిసింది గనుక. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 దాకా ఉంది, పాత నంబర్లు 96–106. అవసరానికి మించి హాని చేయకూడదన్న పరిమితి సెక్షన్ 37లో ఉంది. ఎదుటివాడు లొంగాక మెడ బిగించి ఉంచడం ఆ పరిమితిని దాటడమే.

నమూనా ప్రశ్నలు

1. శాంతినికేతన్‌లో జూడో నేర్పడానికి 1929లో వచ్చినదెవరు? జవాబు షింజో తకగాకి. ఐచ్ఛికాల్లో జిగోరో కానో పేరు తప్పక ఉంటుంది, పడిపోకండి.

2. ‘జుజిట్సు 1964లో ఒలింపిక్స్‌లో చేరింది’, ‘జూడో నుంచి బ్రెజిలియన్ జుజిట్సు వచ్చింది’ అన్న రెండు వాక్యాల్లో ఏది సరైనది? రెండోది. 1964 జూడోది.

3. అవరోహణ క్రమంలో పెట్టండి: కాళ్ల అడ్డు దాటడం, కింద పడేయడం, వెనక చేరి బిగించడం. జవాబు: వెనక చేరడం 4, అడ్డు దాటడం 3, పడేయడం 2.

4. మెయిన్స్‌కు: ‘పెద్దల ఆరోగ్యానికి పోరాట క్రీడలు’ మీద 200 పదాలు రాయండి. కానో రాండోరి, మాస్టర్ విభాగాలు, సెక్షన్ 25, స్థానిక తాలీంల కొరత, వీటిలో కనీసం మూడింటిని ముడిపెట్టి రాస్తే మార్కులు వస్తాయి. ‘ఆరోగ్యమే మహాభాగ్యం’తో మొదలుపెట్టిన జవాబులు దిద్దేవాళ్లకు ఇప్పటికే వందల్లో అందుతుంటాయి.